మైలాపూరు మట్టి

క్రీస్తు శిష్యుడైన తోమా మైలాపూరు చెంత ప్రాణాలర్పించాడన్నది సంప్రదాయం. దీని చారిత్రకతపై పండితులకు ఏకాభిప్రాయం లేదు. అక్కడికి సాగిన యాత్రలు మాత్రం నిస్సందేహమైన చరిత్ర.

13వ శతాబ్ది చివరినాటి ఆ క్షేత్రాన్ని వెనిస్ వర్తకుడు మార్కోపోలో వర్ణించాడు. అది చిన్న ఊరనీ, చేరడం కష్టమనీ, సరకు దొరకదు గనుక వర్తకులు అటు పోరనీ వ్రాశాడు. స్వయంగా వర్తకుడైన వాని నోట ఈ మాట రావడం గమనార్హం. లాభం లేని ఆ చోటికి యాత్రికులు మాత్రం విరివిగా వచ్చేవారట. తోమా మరణించిన చోటి ఎర్రమట్టిని క్రైస్తవులు భక్తితో తీసుకుపోయి, మూడోనాటి, నాలుగోనాటి జ్వరాలతో బాధపడేవారికి ఇచ్చేవారు. కాశీ నుండి గంగాజలం తెచ్చి పంచే మన ఆచారం ఇక్కడ స్ఫురించక మానదు. యాత్రాఫలం యాత్రికునితో ఆగక, గడప దాటలేని రోగికీ అందేది. ఆ విశ్వాసం ఒక మతానికే పరిమితం కాలేదు. ముస్లింలు సైతం తోమాను మహనీయునిగా ఎంచి, 'అవరియన్' అని పిలుస్తూ యాత్రకు వచ్చేవారు. క్రీస్తు శిష్యులను ఖురాన్ పేర్కొన్న 'హవారీ' శబ్దానికి ఇది రూపాంతరమని పండితుల ఊహ.

1523లో పోర్చుగీసువారు ఆ సమాధిని త్రవ్వించారు. ఎముకలతో, ఈటెమొనతో పాటు మట్టి నింపిన ఒక కుండ కూడా బయటపడిందని నాటి సాక్షులు వాంగ్మూలమిచ్చారు.