మిరప కోసిన చేతులు

ఫిబ్రవరి నెల, పొద్దు గూకింది. గుంటూరు జిల్లాలోని ఈ పల్లెలో వీధి మలుపు తిరగ్గానే ముందు మిరప ఘాటు పలకరిస్తుంది, ఆ తర్వాతే మనుషులు. తుమ్మొస్తే ఆపుకోకండి, ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. కల్లంలో ఎండుతున్న కాయను పోగుచేసి, మంచుకు తడవకుండా పట్టాలు కప్పేశారు. ఇంటి ముందు కుళాయి దగ్గర అత్తాకోడళ్లు చేతులు కడుక్కుంటున్నారు. పొద్దుటి నుంచి కాయ కోసిన చేతులు, ఎంత కడిగినా మంట తగ్గదు. అత్త కొబ్బరినూనె సీసా తెచ్చి ముందు కోడలి వేళ్లకే రాస్తోంది.

చెప్పులు వసారాలో విడిచి లోపలికి రండి. ముందుగదిలో చాపలు పరిచి ఉన్నాయి. గోడకు వాక్యాల క్యాలెండరు, దాని కింద మూత పెట్టిన డబ్బా. అన్నానికి ఎసరు పెట్టిన ప్రతిసారీ ఈ ఇంటి ఆడవాళ్లు పిడికెడు బియ్యం తీసి అందులో వేస్తారు. నెలాఖరుకు అది చర్చికి చేరుతుంది. అప్పులున్న ఏడాది కూడా ఆ పిడికెడు మానలేదు.

గదిలో ఏదో బిగువు ఉంది, గమనించారా? తండ్రీ కొడుకులకు పొద్దుటి నుంచి మాటల్లేవు. కౌలు కట్టాలి, కూలీలకు ఇవ్వాలి, కాయను గుంటూరు యార్డుకు తోలేద్దామంటాడు కొడుకు. ధర పెరిగేదాకా ఏసీ గిడ్డంగిలో పెడదామంటాడు తండ్రి. మాటా మాటా పెరిగి, కల్లంలో పదిమంది ముందు తండ్రి "నీకేం తెలుసురా" అని కసిరాడు. కొడుకు సద్ది కూడా తినకుండా లేచి వెళ్లిపోయాడు. ఇప్పుడు చాపకు ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చున్నారు. అలిగినా ప్రార్థన వేళకు చాప మీదికి రావలసిందే. అది ఈ ఇంటి కట్టుబాటు.

నాయనమ్మ కీర్తన ఎత్తుకుంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఒళ్లో ఉంది కానీ తెరవలేదు. ఆమెకు చదువు రాదు, పాటలన్నీ నోటికే వచ్చు. పాట పైన అచ్చువేసిన రాగం పేరు చెప్పలేదు, ఆ రాగం తప్పి మాత్రం పాడదు. ఈ కీర్తన కట్టిన పురుషోత్తమ చౌదరి 1890లో కన్నుమూశారు. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టింది 1842 జూలై 31న. అప్పటి నుంచి ఈ ప్రాంతపు ఇళ్లలో తరం తర్వాత తరం ఇలాగే చాపల మీద చేరుతోంది. బుడ్డిదీపం పోయి ట్యూబులైటు వచ్చిందంతే. మనవడు కంజీర అందుకున్నాడు, తాళం కొంచెం తప్పుతోంది. రెండో చరణం దగ్గర కొడుకు గొంతు కలిసింది.

మనవరాలు బైబిలు తెరిచి 128వ కీర్తన చదువుతోంది. ఆరే వచనాలు. యాత్రకీర్తనలని పేరున్న పదిహేనింటిలో ఇదొకటి. మన దగ్గర పెళ్లిళ్లలో, కొత్త ఇంటి ప్రార్థనల్లో మీరూ వినే ఉంటారు. దేవుడంటే భయభక్తులు గల మనిషికి ఈ కీర్తన మేడలూ బంగారమూ ఇస్తాననదు. తన చేతుల కష్టం తాను తింటాడంటుంది. ఆ మాట దగ్గర కోడలు తన చేతుల వైపు చూసుకుంది. కౌలు, వడ్డీ, కమీషను పోగా మిగిలిందే తినే ఇల్లు ఇది. ఆ దీవెన ఎంత పెద్దదో ఈ చాప మీద ఉన్నవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"తాతయ్యా, ఇందులో ఒలీవ మొక్కలని ఉంది, అవి ఎట్టా ఉంటాయి?"

"నేనూ చూళ్లేదమ్మా. ముసలి చెట్టు మొదట్లోంచి చుట్టూ పిలకలు లేస్తాయంట, అయ్యగారు చెప్పారు. మన దొడ్లో అరటి లేదూ, అట్టాగన్నమాట. అన్నం కాడ కూర్చుంటే తండ్రి చుట్టూ పిల్లలు అట్టా ఉంటారంట." చెబుతూ చెబుతూ పెద్దాయన చాప చివరికి చూశాడు. ముప్పై ఏళ్ల పిలక అక్కడ తల వంచుకుని కూర్చుంది.

"మోకరిద్దాం" అన్నాడు.

ఇంట్లో అందరినీ హడలగొట్టే పెద్ద ఉంటేనే దైవభయం నిలుస్తుందనుకునేవాళ్లను నేను చూశాను. వాళ్లను ఈ గదికి తీసుకురావాలనిపిస్తుంది. అందరికంటే ముందు నేలకు ఆనింది ఈ ఇంటి యజమాని మోకాళ్లే. తన పైన ఒకడున్నాడని నిజంగా నమ్మినవాడు పెళ్లాం బిడ్డల మీద దేవుడిలా పెత్తనం చెయ్యలేడు. ఈ ఇంటి సంతోషానికి వేరు అక్కడుందని నా నమ్మకం.

"ప్రభువా, ఇయ్యాల పిల్లోణ్ణి పదిమందిలో చిన్నబుచ్చాను. నోరు అదుపులో పెట్టుకోలేకపోయాను, క్షమించు. వాడు పడే కష్టం నా కళ్లతో చూస్తన్నా. కాయ సంగతి ఇద్దరికీ ఒక్కటే తోచేట్టు చెయ్యి."

"ఆమేన్." అందరికంటే ముందు అన్నది కొడుకే. తన వంతు వచ్చినప్పుడు వాడు ఎక్కువ మాట్లాడలేదు. నాన్న మోకాళ్ల నొప్పి తగ్గించమన్నాడు. కోడలు కోతకొచ్చిన కూలీ బిడ్డకు జ్వరమని ఆ బిడ్డ కోసం అడిగింది. నాయనమ్మది పెద్ద పట్టిక. ఊళ్లో మంచం పట్టిన ప్రతి మనిషీ అందులో ఉన్నారు. పరలోక ప్రార్థన అందరూ కలిసి చెప్పాక ఒకరికొకరు వందనాలు చెప్పుకుంటున్నారు. అత్త కోడలికి, మొగుడు పెళ్లానికి, తాత మనవడికి, అందరూ రెండు చేతులూ జోడించే. తండ్రి చెయ్యి కొడుకు భుజం మీద కాసేపు ఉండిపోయింది.

చాపలు తియ్యలేదు, కంచాలు వచ్చేశాయి. కోడలు వడ్డించడానికి లేవబోతే అత్త కూర్చోబెట్టింది. "ఆ చేతుల్తో గరిటె పట్టుకోమాక. నేను పెడతా, తిను."

"నాన్నా, సగం తోలి సగం ఏసీలో పెడదామా?"

"ముందు తాలు ఏరించు. మేలుకాయ ఉంచుదాం. కౌలుకి ఎన్ని టిక్కీలు తోలాలో లెక్క రాయి."

మనవరాలు నోటుపుస్తకం కోసం పరుగెత్తింది. మీరేంటి, గుమ్మం దగ్గరే ఆగిపోయారు? మీకూ కంచం పెట్టారు. గోంగూర పచ్చడి కారమనుకుంటే నెయ్యి వేయించుకోండి. వద్దన్నా నాయనమ్మ వినదు.