డబ్బా మీద పేరు

కిందటేడు గరాజ్ సేల్‌లో ‘పిట్‌ఫాల్’ కాట్రిడ్జి ఒకటి కొన్నాను. 1982 నాటి ఆట. దాని మీద రాసినవాడి పేరుంది: డేవిడ్ క్రేన్. ఆ పేరు వెనక పెద్ద కథే ఉంది.

1976లో వార్నర్ సంస్థ అటారీని కొంది. ఆటలు రాసే ప్రోగ్రామర్లు తమ పేరు వెయ్యమన్నారు, అమ్మకాల్లో వాటా అడిగారు. యాజమాన్యం రెండూ కాదంది. క్రేన్‌తో సహా నలుగురు బయటికొచ్చి 1979లో యాక్టివిజన్ పెట్టారు. ఆట యంత్రం ఒకరిది, ఆట మరొకరిది అనే వ్యాపారం అలా మొదలైంది.

ఆ యాక్టివిజన్‌నే (అప్పటికి యాక్టివిజన్ బ్లిజర్డ్) 2023 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ సుమారు 6,900 కోట్ల డాలర్లకి కొనేసింది. నాలుగు నెలలు తిరక్కుండా తన ఆటల విభాగంలో 1,900 మందిని ఇంటికి పంపింది. 2017లో నెలకి 10 డాలర్లతో మొదలైన గేమ్ పాస్ చందా, పై తరగతికి 2025 అక్టోబరులో 30 డాలర్లయింది.

నేను పనిచేసిన కంపెనీ రెండుసార్లు చేతులు మారింది. నా పేరు ఏ డబ్బా మీదా లేదు. అందుకే కాబోలు, ఆ నలుగురంటే నాకు గౌరవం.

కాట్రిడ్జి చూసి మా అబ్బాయి అడిగాడు: “నాన్నా, దీనికి నెలకెంత?”

“ఏమీ లేదురా. ఇది మనదే” అన్నాను.