నిల్వ పెరిగిన చోట జాప్యం: అంతర్జాలంలో ప్రతిస్పందన కాలపు చరిత్ర (1984–2018)

కీలకపదాలు: జాప్యం, ప్యాకెట్, బఫర్, టీసీపీ, రద్దీ నియంత్రణ

1. వేగం వేరు, జాప్యం వేరు

అంతర్జాల చరిత్రను వేగం పెరిగిన కథగా చెప్పడం పరిపాటి. సెకనుకు ఎన్ని బిట్లు ప్రవహించాయన్న లెక్కే అందులో ప్రధానం. వినియోగదారుడు అనుభవించేది మాత్రం మరొకటి: అడిగినదానికి బదులు ఎంతసేపటికి వచ్చిందన్నది. కాలువ వెడల్పు ఒకటి, తూము ఎత్తాక నీరు చివరి మడికి చేరే సమయం మరొకటి. గాజు తంతువులో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కనుక దూరం వల్ల కలిగే జాప్యాన్ని తగ్గించే వీలు చాలా తక్కువ. కాని వినియోగదారులను విసిగించిన జాప్యంలో పెద్దభాగం దూరం వల్ల వచ్చింది కాదు. దారిమధ్య వేచి ఉండటం వల్ల వచ్చింది. ఆ నిరీక్షణను పెంచింది కూడా ఏదీ పోకూడదన్న సదుద్దేశమే కావడం ఈ చరిత్రలో విశేషం.

2. రద్దీని గుర్తించిన దశ

ప్యాకెట్ పద్ధతిలో సమాచారం చిన్న చిన్న మూటలుగా విడిపోయి, ఒక్కొక్క రౌటర్ దగ్గర ఆగుతూ గమ్యం చేరుతుంది. పోయే మూటలకంటే వచ్చేవి ఎక్కువైతే మిగిలినవి బఫర్ అనే తాత్కాలిక నిల్వస్థానంలో వరుస కడతాయి. బఫర్ నిండాక వచ్చినవాటిని రౌటర్ వదిలేస్తుంది.

ఫోర్డ్ ఏరోస్పేస్ సంస్థకు చెందిన జాన్ నేగల్ 1984 జనవరిలో ఆర్ఎఫ్‌సీ 896 అనే పత్రం వెలువరించాడు. మీట నొక్కి పంపే ఒక్క అక్షరానికి 1 బైటు చాలు. దానిమీద చేరే శీర్షికలకు 40 బైట్లు కావాలి. ఉత్తరంకంటే కవరు నలభై రెట్లు బరువన్నమాట. ముందు పంపినదానికి రసీదు అందేవరకు చిన్న మూటలను కూడబెట్టి ఒకేసారి పంపాలని అతడు సూచించాడు. ఇంతకంటే ముఖ్యమైనది అతడి 1985 నాటి ఆర్ఎఫ్‌సీ 970. రౌటర్‌కు అనంతమైన నిల్వస్థానం ఉంటే ఏమవుతుందన్నది అందులోని ప్రశ్న. ప్రతి మూటకూ ఒక ఆయుర్దాయం ఉంటుంది. వరుస అంతులేకుండా పెరిగితే, తన వంతు వచ్చేసరికి ఆ గడువు తీరిపోయి మూట పనికిరాకుండా పోతుంది. నిల్వ ఎంత పెంచినా రద్దీ తీరదని, ఒక్క మూట కూడా చేరని స్థితి రావచ్చని నేగల్ తర్కించాడు. పావు శతాబ్దం తరువాత తలెత్తిన సమస్యకు మూలసూత్రం అప్పటికే అక్షరబద్ధమై ఉంది.

1986 అక్టోబరులో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికీ మధ్య ప్రసారం సెకనుకు 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. ఆ రెండింటి మధ్య దూరం 400 గజాలు! కాగితం మీద రాసుకుని నడిచి వెళ్లి అందించినా అంతకంటే ముందే చేరేది. దీనిపై పరిశోధించిన వాన్ జేకబ్సన్ 1988లో ప్రకటించిన వ్యాసం టీసీపీ నడతనే మార్చింది. మూట పోయిందంటే దారిలో రద్దీ ఉన్నట్టు పంపేవాడు గ్రహించి వేగం తగ్గించుకోవాలి. రసీదులు సక్రమంగా వస్తున్నంతకాలం క్రమంగా పెంచుకోవచ్చు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఈ ఏర్పాటులో మూట పోవడం లోపం కాదు, వార్త. బఫర్ పెద్దదైతే నిండటానికి ఎక్కువసేపు పడుతుంది. అందువల్ల ఆ వార్త ఆలస్యంగా అందుతుంది. ఈలోగా పంపేవాడు వేగం పెంచుతూనే ఉంటాడు, వరుస పొడవు పెరుగుతూనే ఉంటుంది.

3. మరుగున పడిన దశ

శాలీ ఫ్లాయిడ్, జేకబ్సన్ కలిసి 1993లో రెడ్ అనే పద్ధతిని ప్రతిపాదించారు. బఫర్ నిండకముందే కొన్ని మూటలను వదిలేసి హెచ్చరిక పంపడం దాని సారం. దాని కొలతలను ఆయా మార్గాలకు తగినట్టు అమర్చడం కష్టం కావడంతో అది విస్తృతంగా అమలుకు రాలేదు. 1996లో స్టువర్ట్ చెషైర్ బ్యాండ్‌విడ్త్ కాదు, జాప్యమే అసలు సమస్య అని ఘాటుగా రాసినా మార్కెట్ వినలేదు. మెమరీ చిప్‌ల ధర పడిపోతూ వచ్చింది. తయారీదారులు బఫర్లను ధారాళంగా అమర్చారు. దీనిని సాంకేతిక అజ్ఞానంగా కాక, కొలమానంలోని లోపంగా చూడటం సమంజసం. అమ్మకపు పత్రంలో సెకనుకు ఇన్ని మెగాబిట్లన్న అంకె ఉండేది. వరుసలో ఇంతసేపు నిలబడాలన్న అంకె ఉండేది కాదు. తిరుమలలో కంపార్టుమెంట్లు పెంచితే లోపల కూర్చునేవారి సంఖ్య పెరుగుతుందిగాని, దర్శనం త్వరగా కాదని తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు.

4. కాలాన్ని కొలిచిన దశ

ఎక్స్ విండో వ్యవస్థ రూపకర్తలలో ఒకడైన జిమ్ గెటిస్ 2010లో తన ఇంటినుంచి పెద్ద ఫైళ్లు పంపుతున్నప్పుడు జాప్యం సెకనుకు మించి పెరగడం గమనించాడు. దీనికి ‘బఫర్‌బ్లోట్’ అన్న పేరు స్థిరపడింది. లెక్క సులువే: సెకనుకు 1 మెగాబిట్ పంపగల మార్గం ముందు 256 కిలోబైట్ల బఫర్ నిండితే, అది ఖాళీ కావడానికి సుమారు 2 సెకన్లు పడుతుంది. ఇంట్లో ఒకరు వీడియో ఎక్కిస్తుంటే మరొకరి ఫోను సంభాషణ తెగిపోవడానికి కారణం ఇదే. ఎక్కువ వేగపు పథకానికి డబ్బు కట్టినవారికి కూడా ఈ బాధ తప్పలేదు.

క్యాథ్లీన్ నికల్స్, జేకబ్సన్ 2012లో ప్రకటించిన ‘కోడెల్’ ఈ సమస్యను మరోవైపు నుంచి పట్టుకుంది. వరుస ఎంత పొడవుందన్నది అది అడగదు. మూట వరుసలో ఎంతసేపు గడిపిందన్నదే అడుగుతుంది. ఆ కాలం 100 మిల్లీసెకన్ల వ్యవధి పొడవునా 5 మిల్లీసెకన్లకు తగ్గకుండా ఉంటే మూటలను వదలడం మొదలుపెడుతుంది. క్షణకాలం వచ్చిపోయే వరుసను మాత్రం ముట్టుకోదు; బఫర్ ఉన్నది అలాంటి తాకిడిని తట్టుకోవడానికే కదా! మార్గపు వేగం మారినా కొలతలను మార్చనక్కరలేకపోవడం రెడ్‌కు లేని సౌలభ్యం. మూట పోవడాన్ని వార్తగా మార్చిన వ్యక్తే 24 ఏళ్ల తరువాత ఆ వార్త సకాలంలో అందే ఏర్పాటులోనూ భాగస్వామి కావడం యాదృచ్ఛికమనలేం.

అదే ఏడాది లినక్స్ 3.5లో కోడెల్‌తోపాటు ఒక్కొక్క ప్రవాహానికి విడిగా వరుస కట్టే ‘ఎఫ్‌క్యూ-కోడెల్’ కూడా చేరింది. పెద్ద ఫైలు వెనుక చిన్న సంభాషణ చిక్కుకుపోయే పరిస్థితి దీనితో బాగా తగ్గింది. 2018 జనవరిలో ఈ రెండూ ఆర్ఎఫ్‌సీ 8289, 8290గా వెలువడ్డాయి. అయితే వరుస కట్టే చోటు సాధారణంగా ఇంటికీ సేవాసంస్థకూ మధ్య ఉన్న ఇరుకుదారి. అక్కడి పరికరంలో ఈ మార్పు జరగనిదే, మిగిలిన దారి ఎంత విశాలమైనా పాత నిరీక్షణ అలాగే ఉంటుంది.