అమీర్‌పేట హాస్టల్‌లో ఉంటున్నారా? నాలుగు మెట్రో స్టేషన్లు దాటితే అడవే!

అమీర్‌పేట అంటే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. పంజాగుట్ట అంటే ఫ్లైఓవర్, షోరూమ్‌లు, ట్రాఫిక్. ఉద్యోగం కోసం జిల్లాల నుంచి వచ్చి, ఒకే రూమ్‌లో నలుగురైదుగురు సర్దుకునేవాళ్లకు కాసేపు చెట్టు కింద కూర్చునే చోటు దొరకడమే కష్టం. సండే వచ్చిందంటే మాల్, లేదంటే మొబైల్. అయితే పెద్ద పార్కులు మరీ దూరమేం కాదు.

అన్నింటికంటే ముందు చెప్పుకోవాల్సింది కేబీఆర్ పార్కు. అమీర్‌పేటలో బ్లూ లైన్ ఎక్కితే నాలుగో స్టేషన్ జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్. అక్కడి నుంచి నడిచి వెళ్లొచ్చు. ఉమ్మడి ఏపీ మాజీ సీఎం కాసు బ్రహ్మానందరెడ్డి పేరున్న ఈ 350 ఎకరాలకు పైగా అడవిని 1998లో జాతీయ పార్కుగా ప్రకటించారు. నిజాం మనవడు ముకర్రం జా పేరుతో ముడిపడిన చిరాన్ ప్యాలెస్ ఈ పార్కు లోపలే ఉంది. పొద్దున్నే వెళ్తే నెమళ్లు కనిపిస్తాయి. మధ్యాహ్నం మాత్రం వెళ్లొద్దు, లోపలికి ఎంట్రీ ఉదయం, సాయంత్రం వేళల్లోనే. టికెట్ తీసుకోవాలి. వద్దనుకుంటే బయట చుట్టూ ఉన్న వాక్‌వే ఫ్రీ.

ఈ పచ్చదనం ఊరికే మిగల్లేదు. 2016లో పార్కు చుట్టూ ఫ్లైఓవర్లు కడతామన్నప్పుడు చెట్లు పోతాయని నగరవాసులు రోడ్డెక్కారు. వ్యవహారం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. 2020లో కేంద్రం పార్కు చుట్టూ ఎకో సెన్సిటివ్ జోన్ ఖరారు చేసింది. దాని వెడల్పు ఎంతో తెలుసా? కొన్నిచోట్ల కేవలం 3 మీటర్లు, ఎక్కువలో ఎక్కువ 29.8 మీటర్లు. అంటే కొన్నిచోట్ల ఫుట్‌పాత్ దాటితే రక్షణ లేనట్టే.

అంత దూరం వద్దా? బ్లూ లైన్‌లోనే రెండో స్టేషన్ యూసుఫ్‌గూడ. అక్కడ కృష్ణకాంత్ పార్కు ఉంది. ఉమ్మడి ఏపీ గవర్నర్‌గా, తర్వాత ఉపరాష్ట్రపతిగా పనిచేసిన కృష్ణకాంత్ పేరు పెట్టారు. పంజాగుట్టలో ఉండేవాళ్లకైతే బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1లోని జలగం వెంగళరావు పార్కు దగ్గర. నడిచే వెళ్లొచ్చు. మధ్యలో చిన్న చెరువు కూడా ఉంది.

రెడ్ లైన్‌లో అయితే అమీర్‌పేట నుంచి ఐదో స్టేషన్ అసెంబ్లీ. దిగగానే పబ్లిక్ గార్డెన్స్, పాతవాళ్ల మాటలో బాగ్-ఏ-ఆమ్. నిజాంల కాలం నాటి తోట. చెట్ల కింద కూర్చుని బోర్ కొడితే లోపలే స్టేట్ మ్యూజియం, అందులో ఈజిప్టు మమ్మీ!

హుస్సేన్‌సాగర్ గాలి కావాలంటే సంజీవయ్య పార్కు. 2016 జూన్ 2న ఎగరేసిన 291 అడుగుల జాతీయ జెండా స్తంభం ఇక్కడే. పార్కు పేరుతోనే ఎంఎంటీఎస్ స్టేషన్ ఉంది. రైళ్లు మాత్రం మెట్రోలా వెంటవెంటనే రావు. టైమ్ చూసుకుని బయల్దేరండి.