ఆది జాకెట్టు, కొలత టేపు

బాన్సువాడలో మా చిన్నప్పుడు స్కూలు డ్రెస్సు కుట్టించాలంటే అమ్మ మమ్మల్ని దర్జీ దగ్గరికి తీసుకెళ్లేది కాదు. పాత గౌను సంచిలో పెట్టి పంపేది. "పెరిగే పిల్ల, రెండించులు లూజు పెట్టమను" అన్న మాట ఒకటి తోడిచ్చేది. ఆ రెండించులూ కింద మడిచి కుట్టి ఉండేవి. ఏడాదికో మడత విప్పితే అక్కడ వెలవని రంగు పట్టీ బయటపడేది. పెద్దయ్యాక గౌను స్థానంలో ఆది జాకెట్టు వచ్చింది. దర్జీ మగవాడు, టేపు మా ఒంటిమీదికి రాకూడదు. ఆడపిల్ల ఒళ్లు అన్నిటికంటే వేగంగా మారే ఏళ్లలో, నిరుటి బట్టే మాకు కొలత.

పిల్లల్ని నిజంగా కొలిచి సైజులు కట్టిన పెద్ద ప్రయత్నం 1937-39 మధ్య అమెరికాలో జరిగింది. వ్యవసాయశాఖలోని గృహశాస్త్ర విభాగంలో దాన్ని నడిపింది రూత్ ఓబ్రయన్, చదువురీత్యా రసాయన శాస్త్రవేత్త. 4 నుంచి 17 ఏళ్ల పిల్లలు సుమారు 1,47,000 మంది, ఒక్కొక్కరికి 36 కొలతలు. తేలిందేమిటంటే, బట్టల మీద వయసు వేసి అమ్మడం అర్థంలేని పని. ఒకే ఈడు పిల్లల మధ్య అంత తేడా ఉంది. ఎత్తు, పిరుదుల చుట్టుకొలత (మన దర్జీలు 'సీటు' అంటారు) కలిపి చూస్తేనే సైజు కుదురుతుందని 1939లో ప్రతిపాదించారు. అయితే ఆ వెంటనే అదే విభాగం దాదాపు 15,000 మంది స్త్రీలను కొలిచినప్పుడు, తెల్లవాళ్లు కాని స్త్రీల కొలతలను లెక్కలోంచి తీసేశారు. టేపుకూ జాతి ఉంటుందన్నమాట.

మన దగ్గర టేపు పిల్లల దగ్గరికి మరో దారిన వచ్చింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కేంద్రంగా 1972లో పోషకాహార పర్యవేక్షణ బ్యూరో ఏర్పడి, ఊళ్లలో ఎత్తులూ బరువులూ కొలిచింది. అయిదేళ్లలోపు బిడ్డ దండచుట్టు 11.5 సెంటీమీటర్లకు తగ్గితే తీవ్ర పోషణలోపం. ఆకలిని కొలవాలి, సందేహం లేదు. కానీ అన్ని ఎత్తులు కొలిచినా అవేవీ కుట్టుబల్ల దాకా రాలేదు.

సర్కారు బడిలో ఏటా రెండు జతలు ఇస్తారు. చిన్నపిల్లలకు గౌను, పెద్దపిల్లలకు పంజాబీ డ్రెస్సు, అన్నీ తరగతిని బట్టే. ఆరో తరగతిలో బక్కపిల్లా ఉంటుంది, అప్పుడే పెద్దమనిషైన పిల్లా ఉంటుంది. భుజాలు జారే చొక్కానైనా పిన్నీసుతో సర్దుకోవచ్చు. ఛాతీ దగ్గర బిగిసిన బట్ట వేసుకున్న పిల్ల మాత్రం చున్నీ కింద వంగి నడుస్తుంది. మేమూ అలాగే నడిచాం.

2024లో తెలంగాణలో ఈ కుట్టుపని మహిళా సంఘాలకు ఇచ్చారు. జతకు 50 రూపాయలున్న కూలి 75 చేశారు. ఆడవాళ్లే బడికి వెళ్లి కొలతలు తీసుకున్నారు. నాకు ఆ 25 రూపాయల పెంపుకంటే ఇదే పెద్ద సంగతిగా తోస్తుంది. అలాగని కూలి మాట వదలలేం: చొక్కా, లాగూ కలిపి 75. కూలి కట్టేది కుట్టిన జతకే. కొలిచిన పూటకు లెక్కలేదు.

నిఫ్ట్ సంస్థ మన దేశానికి సొంత సైజులు కట్టడానికి హైదరాబాదుతో సహా ఆరు నగరాల్లో 25,000 మందిని యంత్రాలతో కొలిచే పని తలపెట్టింది. 15 నుంచి 65 ఏళ్ల వాళ్లనే. అంతకంటే చిన్న పిల్లల కొలతలు సంఘం ఆడవాళ్ల నోటుపుస్తకాల్లో పేరు, తరగతి, ఛాతీ, నడుము, పొడుగు అని వరసగా రాసి ఉంటాయి. మీ ఊరి సంఘంలో ఎవరైనా తెలిస్తే, కుట్టు అయిపోయాక ఆ పుస్తకాలు ఏం చేశారో అడిగి చూడండి.