పేరు మనదే, మరి పుస్తకం ఎవరిది? కరణం లెక్కల నుంచి వెబ్‌సైట్ దాకా



మొన్న పక్క ఊరి తమ్ముడొకడు ఫోన్ చేసినాడు. "అన్నా, మా సంఘం తరఫున శనగపప్పు, జొన్నలు నేరుగా అమ్ముదామనుకుంటున్నాం. వెబ్‌సైట్ చేసిపెట్టేవాళ్లు దొరికినారు. ఎంత ఇయ్యొచ్చు?" అని. డబ్బు సంగతి తర్వాత, ముందు ఆ పేరు ఎవరి మీద రాయిస్తున్నారని అడిగినా. "పేరు మాదే కదన్నా, సంఘం పేరే పెడ్తున్నారు" అన్నాడు. నేనడిగింది అది కాదు. పేరు మనదే కావచ్చు, పుస్తకంలో అది ఎవరి కింద ఎక్కిందనేది వేరే సంగతి. ఈ తేడా మన సీమ రైతుకు కొత్తదేం కాదు. దీని వెనక రెండొందల ఏండ్ల చరిత్ర ఉంది. కాస్త ఓపిగ్గా చదవండి.

1800లో నిజాం ఈ సీమను కుంఫిణీకి అప్పజెప్పినాడు. మన కోవెలకుంట్ల ప్రాంతం కూడా అందులోనే పోయింది. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉండి, పొలాలు కొలిపించి, రైతు పేరు మీదనే పట్టా, రైతు దగ్గరే శిస్తు అనే పద్ధతికి పునాది వేసినాడు. రైత్వారీ అంటే అదే. పాలెగాళ్లకు మాత్రం ఊర్లు తీసేసుకుని పింఛన్లు రాసినారు.

మన మండలంలోని నొస్సం సంగతే చూడండి. నొస్సం పాలెగాడు జయరామిరెడ్డికి మగపిల్లలు లేరు. ఆయన పోయినాక ఆ పింఛన్ ఆగిపోయింది. ఆయన కూతురి కొడుకే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. మనవడని ఊరంతా ఒప్పుకుంటుంది, కుంఫిణీ లెక్క మాత్రం ఒప్పుకోలేదు. తండ్రి వైపు నుంచి వచ్చే నెలకు 11 రూపాయల చిల్లరే ఆయనకు మిగిలింది. 1846 తిరుగుబాటుకు ఇనాములు లాక్కోవడం లాంటి కారణాలు ఇంకా ఉన్నాయి. కానీ ఈ పింఛన్ మంట కూడా అందులో ఉంది. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయన్ను ఉరి తీసినారు.

ఇక మామూలు రైతు సంగతి. పట్టా రైతు పేరు మీదే, కానీ లెక్కలు రాసేది కరణం. అడంగల్‌లో ఏం రాసినాడో చదవనొచ్చిన రైతు ఊరికి ఎంతమంది? మా జేజినాయన కాలంలో కరణం అరుగు మీద కూర్చుని, ఆయన చదివి చెప్పిందే నమ్మి లేచొచ్చేవాళ్లు. కరణాలందరూ చెడ్డోళ్లని అనడం లేదు, న్యాయంగా రాసినోళ్లు చాలామంది ఉన్నారు. చిక్కంతా ఏందంటే, రైతు బతుకు ఒక పుస్తకంలో ఉండె, ఆ పుస్తకం ఇంకొకరి చేతిలో ఉండె.

దాన్ని మార్చడానికి చాలా కాలం పట్టింది. 1971లో భూమి హక్కులు, పట్టాదారు పాసు పుస్తకాల చట్టం వచ్చింది. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులు తీసేసింది. 2015లో మీభూమి వచ్చినాక అడంగల్, 1-బి మనమే ఫోన్‌లో తెరిచి చూసుకుంటున్నాం.

ఇప్పుడు ఇంటర్నెట్ సంగతికి వద్దాం. దానికీ ఒకప్పుడు కరణం ఉండె! మొదట్లో నెట్‌వర్క్‌లోని కంప్యూటర్ల పేర్లన్నీ ఒకటే జాబితా. అమెరికాలో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆవిడ బృందం దాన్ని చూసుకునేది. కొత్త పేరు ఎక్కాలంటే వాళ్లనే అడగాల. కంప్యూటర్లు పెరిగేసరికి ఒక్క ఆఫీసుతో అయ్యే పని కాలేదు. 1983లో పాల్ మోకపెట్రిస్ డొమైన్ పేర్ల పద్ధతి తయారు చేసినాడు. ఒక పెద్ద రిజిస్టరును జిల్లాలు, మండలాలుగా పంచినట్టు అన్నమాట. 1985 మార్చి 15న మొదటి డాట్ కామ్ పేరు నమోదైంది. 1993 ఏప్రిల్ 30న వెబ్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని సెర్న్ సంస్థ ప్రకటించింది. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మన దేశంలో ఇంటర్నెట్‌ను జనానికి ఇచ్చింది. 2005 నుంచి డాట్ ఇన్ పేర్లు అందరికీ తేలిగ్గా దొరుకుతున్నాయి. అంటే రిజిస్టరు తెరిచే ఉంది, మన పేరు మనమే ఎక్కించుకోవచ్చు. అయినా మనం మళ్లీ అరుగు మీదకే పోతున్నాం.

మా సంఘం చేసింది అదే. వెబ్‌సైట్ చేయించుకోవడం మాకు అదే మొదటిసారి. "అంతా మేం చూసుకుంటాం" అన్నారు, డబ్బు ఒకేసారి కట్టి వచ్చేసినాం. ఏడాది తిరిగినాక ఒక వ్యాపారి ఫోన్ చేసి "మీ పేజీ తెరుచుకోవడం లేదు" అన్నాడు. చూస్తే పేరు గడువు దాటిపోయింది. నమోదు చేసింది వాళ్ల కంపెనీ మీద, వాళ్ల మెయిల్ మీద. వాళ్ల ఫోన్ పలకదు. పేరు మా మీద లేదు కాబట్టి తిరిగి అడిగే దారి కూడా లేకపాయె. పప్పు ప్యాకెట్ల మీద ఆ అడ్రసే అచ్చేయించినాం. కవర్లన్నీ పారేసి, కొత్త పేరుతో మళ్లీ అచ్చేయించుకున్నాం. వాళ్లను తిట్టి ఏం లాభం? ఏం రాసినారో చూడకుండా లేచొచ్చింది మేమే.

కాబట్టి, మొదటిసారి చేయించుకునేవాళ్లు ఇవి చూసుకోండి.

డొమైన్ పేరు సంఘం పేరు మీద, సంఘం మెయిల్, సంఘం ఫోన్ నంబరుతో మీరే కొనండి. ఇది శాశ్వత పట్టా కాదు, కౌలు లాంటిది. ఏటా కట్టాల, లేదా ఒకేసారి 10 ఏండ్ల దాకా కట్టుకోవచ్చు. కట్టకపోతే ఇంకొకరు కొనుక్కుంటారు.

వెబ్‌సైట్ ఉండే చోటు గోడౌను లాంటిది, దానికి బాడుగ వేరే. చేసేవాళ్లకిచ్చేది మేస్త్రీ కూలి. మూడింటికీ మూడు లెక్కలు విడివిడిగా రాయించుకోండి. కూలి పని జరిగే కొద్దీ ఇయ్యండి, మొత్తం ముందే వద్దు.

వాళ్లు రాసిన ప్రోగ్రాం, మాటలు మీకే చెందుతాయని కాగితం మీద రాయించుకోండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, బయటివాళ్లు చేసిన ఇట్లాంటి పనికి రాతపూర్వకంగా మనకు హక్కు ఇయ్యకపోతే, మామూలుగా అది చేసినవాళ్లదే.

పాస్‌వర్డ్‌లన్నీ సంఘంలో కనీసం ఇద్దరి దగ్గర ఉండాల.

ఇంతకీ ఆ తమ్ముడు సాయంత్రం మళ్లీ ఫోన్ చేసినాడు. పేరు కంపెనీ మీదనే రాస్తున్నారంట. "మా మీద రాయమని అడిగితే వెంటనే సరేనన్నారన్నా, ఇంతకుముందు ఎవరూ అడగలేదంట" అన్నాడు.

మీ సంఘానికి ఇప్పటికే వెబ్‌సైట్ ఉంటే, ఈ రాత్రికే పేరు ఎవరి మీద ఉందో, గడువు ఎప్పటికో చూసుకోండి. తెలియకపోతే అడగండి, నాకు తెలిసినంత చెప్తా.