శోకవేగము – బాష్పవేగము

తెలుగునాట పల్లెలలో ఒక యింట మరణము సంభవించినపుడు ఆ దినమున ఆ యింటి పొయ్యి రాజదు. ఇరుగుపొరుగువారు గాని దాయాదులు గాని అన్నము వండి తెచ్చి, వద్దన్నను వినక రెండు ముద్దలు తినిపింతురు. పొరుగూళ్లనుండి వచ్చిన చుట్టములలో ఆడువారు గుమ్మము దాటీదాటకమునుపే ఇంటివారిని కౌగిలించుకొని, పోయినవారి మంచిని పేరుపేరున తలచుచు శోకములు తీయుదురు. మగవారు అరుగుమీద కూర్చుండి, కొంతసేపు మాటలేక, పిమ్మట పోయినవారి పడుచునాటి ముచ్చటలను మెల్లమెల్లగా ఎత్తుదురు. దీనికి మనవారు పెట్టిన పేరు పరామర్శ. చదువుకొన్నవారిలో కొందరికి ఇది అణగిన దుఃఖమును మరల రేపు మోటాచారముగా తోచుటయు, గుండె రాయి చేసుకొమ్మని చెప్పి వెడలుటయే మర్యాదయనిపించుటయు కలదు. కాని మానవుని మనోవేదనకును అతని గుండెకును గల సంబంధమును వైద్యులు ఎట్లు కనుగొనిరో ఆ చరిత్రను మొదటినుండి పరికించినచో, రాయి చేసుకొనుమను హితవుకంటె అరుగుమీది ముచ్చటయే శాస్త్రమునకు దగ్గరయని తేటపడును.

ఆ చరిత్రకు మన దేశమున మూలగ్రంథము చరకసంహిత. దాని సూత్రస్థానములోని 30వ అధ్యాయమున హృదయమునకు మహత్తనియు, అర్థమనియు నామాంతరములు చెప్పబడినవి. ఇంటికప్పు వాసములన్నియు నడికొప్పున కూడినట్లు దేహమును, ఇంద్రియములును, మనస్సును, చైతన్యమును హృదయము నాశ్రయించి నిలిచియున్నవని అచ్చటి ఉపమానము. ఇట్టి హృదయమును, దానియందలి ఓజస్సును కాపాడుకొనగోరువాడు అన్నిటికంటె విశేషముగా మనస్సునకు దుఃఖము కలిగించు హేతువులను పరిహరింపవలెనని ఆచార్యుడు శాసించెను. హృద్రోగమునకు కారణములను లెక్కించునపుడు రూక్షాహారము, ఉపవాసము, అతివ్యాయామము అనువానితోపాటు శోకమును, చింతను, భయమును చేర్చుటకు ఆయన సంకోచింపలేదు.

అంతకంటె ఆశ్చర్యకరమైనది 7వ అధ్యాయము. దానికి నవేగాంధారణీయమని పేరు. అందు వేగములు రెండు తెగలుగా విభజింపబడినవి. ఆకలి, దప్పి, నిద్ర, తుమ్ము, ఆవులింత మున్నగు 13 వేగములు శరీరసహజములు గనుక వానిని ఆపరాదు. లోభము, శోకము, భయము, క్రోధము, అహంకారము, ఈర్ష్య మొదలైనవి మనోవేగములు గనుక వానిని ఆపవలెను. శోకము ఆపదగిన వేగములలో చేరియుండగా, కన్నీరు మాత్రము ఆపగూడని 13 వేగములలో చేరియున్నది! అంతియేకాదు, కన్నీటిని బలవంతముగా నిలిపినవానికి పడిశెము, నేత్రరోగము, అరుచి, భ్రమలతోపాటు హృద్రోగము సైతము కలుగునని ఆచార్యుడు హెచ్చరించెను. శోకమును ఏలుకొనుట వేరు, కన్నీటిని దిగమ్రింగుట వేరు అను ఈ సూక్ష్మవివేకము సుమారు రెండువేల యేండ్లనాటిదని తలచినపుడు నాకు ఒడలు గగుర్పొడుచును. బాష్పనిగ్రహమున కలిగిన వ్యాధికి ఆయన చెప్పిన చికిత్స మూడు మాటలలో ముగియును: నిద్ర, మద్యము, ప్రియమైన కథలు. వీనిలో మద్యము గుండెకు మేలుకంటె కీడే యెక్కువ చేయునని నేటివారెరుగుదురు గనుక దానిని విడువవలసినదే. తక్కిన రెండును నేటికిని చెల్లుచున్నవి.

గ్రంథస్థమైన ఈ జ్ఞానము నాడీపరీక్షతో వైద్యుని వ్రేళ్లకొనలకు దిగినది. బొటనవ్రేలి మొదట మూడు వ్రేళ్లానించి, చూపుడువ్రేలి క్రింద వాతమును, నడిమివ్రేలి క్రింద పిత్తమును, ఉంగరపువ్రేలి క్రింద కఫమును గుర్తెరుగు ఈ విద్యను విశదీకరించిన శార్ఙ్గధరుడు, కామక్రోధములచే నాడి వడివడిగా నడచుననియు, చింతాభయములచే క్షీణించుననియు చెప్పియున్నాడు. తెలుగువైద్యులకు చేతిపుస్తకమైన బసవరాజీయమునందును నాడీపరీక్షకు ప్రముఖస్థానము కలదు. కనుక మణికట్టు పట్టిన వైద్యుడు రోగి తిన్న తిండినేగాక పడిన బెంగను గూడ అడుగుట ఆ వృత్తిలోని భాగమే.

పాశ్చాత్యదేశముల చరిత్రలో నా మనస్సును మిక్కిలి కలచివేసిన వృత్తాంతము విలియం హార్వేది. 1628లో రక్తప్రసరణసిద్ధాంతమును లోకమునకు వెల్లడించిన ఆ ఆంగ్లవైద్యుడు, 1649లో పారిసు పండితుడైన రియోలానునకు వ్రాసిన లేఖలో ఒక రోగిని వర్ణించెను. ఆ రోగి దృఢకాయుడు. తనకంటె బలవంతుడైన యొకనివలన అన్యాయమును, అవమానమును పొంది, ప్రతీకారము చేయజాలక, ఆ ద్వేషమును ఒక్కనితోనైనను చెప్పుకొనక, దినదినము లోలోననే రగులుచుండెను. కొంతకాలమునకు రొమ్ము నదిమిపట్టినట్లు దుర్భరమైన బాధ పుట్టెను. బలిష్ఠుడొకడు రొట్టెపిండిని మర్దించినట్లు ఆ రొమ్మును మర్దించినపుడు మాత్రము కొంత ఊరట కలుగుచుండెను. చివరకు కృశించి మరణించిన ఆ పురుషుని శరీరమును కోసి చూడగా, గుండెయు బృహద్ధమనియు ఎద్దు గుండెవలె పెరిగి యుబ్బియుండెను. ఆ యుబ్బునకు ద్వేషమొక్కటియే కారణమని నేటివైద్యులు ఒప్పుకొనకపోవచ్చును. కాని రోగి యెవరితోను చెప్పుకొనలేదను ముక్కను హార్వే విడువక వ్రాసిపెట్టుట గమనింపదగినది.

తరువాతి శతాబ్దమున లండనులో జాన్ హంటరను సుప్రసిద్ధ శస్త్రవైద్యుడుండెను. ఆయనకు గుండెనొప్పి యుండెను. కోపము వచ్చినపుడెల్ల ఆ నొప్పి తిరుగబెట్టుచుండెను. తనను రేపదలచిన ఏ తులువచేతిలోనైనను తన ప్రాణమున్నదని ఆయన అనుచుండెడివాడని ప్రసిద్ధి. 1793 అక్టోబరు 16వ తేదీన సెయింట్ జార్జి ఆసుపత్రి పాలకసభలో ఒకరు తన మాటకు అడ్డుచెప్పగా, ఆయన ఉబికివచ్చిన ఆగ్రహమును అణచుకొని ప్రక్కగదిలోనికి పోయి, అచ్చటనే కూలి మరణించెను. గుండెకు నెత్తురందించు ధమనులు ఎముకవలె గట్టిపడియున్నట్లు పరీక్షలో తేలెను. పాతబడిన ధమనులు మందుగుండైనచో కోపము దానికి నిప్పురవ్వయైనది.

ఆ రవ్వ యెట్లు పుట్టునో చూపినవాడు హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన వాల్టర్ కానన్. భయము, క్రోధము కలిగినపుడు మూత్రపిండములపై నున్న గ్రంథులు అడ్రినలిన్ అను రసమును నెత్తురులోనికి విడుచుననియు, దానిచే గుండె వేగిరపడి, రక్తపుపోటు పెరిగి, కాలేయమునుండి చక్కెర వెలువడి, నెత్తురు త్వరగా గడ్డకట్టు స్వభావమును పొందుననియు ఆయన 1915లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను. అడవిలో పులి యెదురైనవానికి ఇది ప్రాణరక్షకమే: పోరాడుటకో పరుగెత్తుటకో ఆ బలమంతయు ఖర్చగును. కచేరీలో కుర్చీమీద కూర్చుండి పై యధికారి మాటకు లోలోన ఉడికిపోవువానికి పోరాటమును లేదు, పరుగును లేదు. సన్నాహము మాత్రము దినదినము జరుగుచునే యుండును, దాని భారమంతయు గుండెయు ధమనులును మోయుచుండును.

1990లో జపానుదేశమున హిరోషిమా వైద్యులు ఒక వింతవ్యాధిని ప్రకటించిరి. ఆప్తుల మరణము వంటి పిడుగుపాటున, ముఖ్యముగా నడివయస్సు దాటిన స్త్రీలకు, అచ్చము గుండెపోటు లక్షణములే కనబడును. కాని ధమనులలో అడ్డు కానరాదు. గుండె యెడమగది కొన మాత్రము ఉబ్బి, అచ్చటి జాలరులు ఆక్టోపస్సును పట్టుటకు వాడు సన్నమెడ కుండ ఆకారము దాల్చును. ఆ కుండపేరే వ్యాధికి పేరై టకోట్సుబో యనబడినది. తగిన చికిత్సతో పెక్కుమందికి కొన్ని వారములలో గుండె మునుపటి రూపమును పొందును. దుఃఖమున గుండె చెరువైనదని తెలుగువారు అనాదిగా అనుచున్న మాట, వైద్యుని తెరమీద ఇట్లు కంటికి కనబడినది.

ఇటీవలి లెక్కలు సైతము ఇదియే చెప్పుచున్నవి. 52 దేశములలో జరిపి 2004లో ప్రకటించిన ఇంటర్‌హార్ట్ పరిశోధన, పొగాకు, రక్తపుపోటు, మధుమేహములు చేరిన గుండెపోటు ముఖ్యకారణములు 9లో మనోవ్యథనొకటిగా నిలిపినది. అమెరికాలో సుమారు రెండువేలమంది హృద్రోగులను ప్రశ్నించి 2012లో వెలువరించిన పరిశీలనలో, ఆప్తుడు మరణించిన తొలి 24 గంటలలో గుండెపోటు వచ్చు అవకాశము మామూలుకంటె సుమారు 21 రెట్లుండి, దినములు గడచినకొలది తగ్గినట్లు తేలినది. ఆరోగ్యవంతునకు ఆ యపాయము మొత్తముమీద స్వల్పమే. గుండెజబ్బు ముందే కలవారికి అది ఉపేక్షింపరానిది. పొయ్యి రాజని ఆ తొలిదినముననే చుట్టములు పరుగున వచ్చు ఆచారమును ఈ లెక్కప్రక్కన పెట్టి చూడుడు!

ఇక మన కర్తవ్యమేమి? కోపము వచ్చినపుడు నోటిని, చేతిని ఆపవలెను. పరుషవాక్కును, హింసను చరకుడు సైతము ఆపదగిన వేగములలోనే చేర్చెను. కాని ఆపి యూరకుండక, ఆ చోటు విడిచి నాలుగడుగులు నడచి, నిమిషమునకు ఆరేడు మాత్రమే అగునట్లు శ్వాసను నెమ్మదించి, లోపలికి పీల్చినదానికంటె బయటికి విడుచుటను దీర్ఘము చేసినచో, గుండెను శాంతింపజేయు నాడి మేలుకొనును. మనస్సు కుదుటబడిన పిదప నమ్మదగిన యొకరితో ఆ సంగతి చెప్పుకొనవలెను. దుఃఖితుని ఏడువనీయవలెను, నిద్రపోనీయవలెను. రక్తపుపోటునకో చక్కెరవ్యాధికో వాడు మాత్ర ఆనాడు వేసుకొనెనా యని అడుగుట పరామర్శకు వచ్చినవారి క్రొత్త విధి కావలెను. రొమ్ములో నొప్పి, చెమట, ఆయాసము, చేతికో దవడకో ప్రాకు బాధ కనబడినచో, దుఃఖమువలన వచ్చినదిలే యని సరిపెట్టుకొనక తత్‌క్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను. అది గుండెపోటో చెరువైన గుండెయో పరీక్షింపక తెలియదు. వారములు గడచినను విడువని విషాదమునకు వైద్యుని సాయము పొందుట సిగ్గుపడవలసిన పని కాదు.

హార్వే రోగికి మర్దనచేయు బలిష్ఠుడు దొరకెను గాని, ప్రక్కన కూర్చుండి ‘ఏమైనదయ్యా’ యని అడుగు చుట్టము దొరకలేదు. నేడు మనము చావుకబురు విని సెల్‌ఫోనులో రెండు చేతులు జోడించిన బొమ్మను పంపి ఊరకుండుటకు అలవాటు పడుచున్నాము. అది చాలదు. ఆ యింటికి పోవలెను. అన్నపుగిన్నె పట్టుకొని పోవలెను. ఏడ్చువారిని ఏడువనిచ్చి, వారి కన్నీరు తనంత తాను ఆగువరకు ఆ యరుగుమీద కూర్చుండవలెను.